చీట్ల డబ్బాతో కోనసీమకు

పోయిన ఫిబ్రవరిలో రెండు రోజులు కోనసీమలో తిరిగి వచ్చాను. మా సంఘంలో ఇంకెవరూ అటు పోలేదు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. అయితే నేను పోయింది కొబ్బరిచెట్లు చూడటానికి కాదు. నేను నిర్దోషినని ఒక గణిత శాస్త్రవేత్త చేత కాగితం రాయించుకుని రావడానికి.

సంగతి మొదటినుంచి చెప్పాలి. మాది పల్నాడులో మిరప పండించే ఊరు. పద్దెనిమిదేళ్ళుగా సంఘానికి కార్యదర్శిని నేనే. ఒక విశ్వాసి పోతూ పోతూ మందిరం వెనక ఉన్న తన స్థలాన్ని సంఘంలోని పేదలకు రాసిచ్చాడు. కొలిస్తే ఆరు ఇళ్ళ స్థలాలు అయ్యాయి. సొంత చోటు లేని కుటుంబాలు ఇరవై రెండు. చీట్లు వేద్దామన్నారు పెద్దలు. బైబిలు వాక్యం తెలిసినవాళ్ళకు ఇది వింత కాదు. కనాను దేశాన్ని గోత్రాలకు పంచింది చీట్లతోనే, పన్నెండో అపొస్తలుణ్ణి ఎంచిందీ చీట్లతోనే. పేర్లు నేనే రాశాను, నేనే మడిచాను, పొడుగాటి బిస్కట్ల రేకు డబ్బాలో ఒక్కొక్కటే వేశాను. డబ్బా మూడుసార్లు ఊపి ప్రార్థన చేశాను. చూపు లేని మరియమ్మ అవ్వ ఆరు చీట్లు తీసింది. అందులో మూడు మావాళ్ళవి. మా తమ్ముడు యోహాను, మా చెల్లెలి భర్త, మా అన్న కొడుకు.

ఎస్తేరు లేచి నిలబడింది. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో పరాయి వాకిట్లో రేకుల కింద ఉంటున్న మనిషి. వరసకు నన్ను బాబాయ్ అంటుంది. "చీట్లు మడిచింది నువ్వే, ప్రార్థన చేసింది నువ్వే, స్థలాలు వచ్చింది మీకే. దేవుడు మీ ఇంట్లోనే భోంచేస్తన్నట్టున్నాడు బాబాయ్" అంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి సగం సంఘం మందిరానికి రావడం మానేసి, బడి వరండాలో విడిగా ఆరాధన పెట్టుకుంది.

దేవుని ముందు చెబుతున్నాను, నేను మోసం చేయలేదు. నరసరావుపేటలో లెక్కలు చెప్పే నా కూతురు అంది కదా, "నాన్నా, నువ్వెన్ని ప్రమాణాలు చేసినా వాళ్ళు నమ్మరు. కోనసీమలో సుభద్ర గారని ఒక మేడమ్ ఉన్నారు. ఏ వరసా లేని అంకెలు పుట్టించడం, వాటిలో దొంగ వరసలు పట్టుకోవడం, నలభై ఏళ్ళు అదే పని. ఆవిడ నీ చీట్లు బాగున్నాయంటే ఇంకెవరూ నోరెత్తరు." ఫోను చేస్తే ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. "డబ్బా తీసుకుని రండి. అందులో చీట్లు మాత్రం మార్చకండేం" అన్నారు.

రావులపాలెం

తెల్లవారుతుండగా రావులపాలెంలో దిగాను. మా మిరప యార్డులో అడుగుపెడితే తుమ్ములతో కళ్ళనీళ్ళు కారతాయి. ఇక్కడి అరటి మార్కెట్లో అడుగుపెడితే ఆకలేస్తుంది. లారీల నిండా గెలలు, కిందికీ పైకీ పచ్చని గోడల్లాగా. చక్కెరకేళి డజను యాభై అన్నారు. మా వైపు ఎనభై పెట్టినా ఇంత రుచి దొరకదు. టీ కొట్టాయన నా చంకలోని డబ్బా చూసి, "బిస్కట్లు హోల్‌సేలుగా ఇస్తారాండీ?" అని అడిగాడు. చీట్లున్నాయి అన్నాను. ఆయన మొహం మారింది. "చీటీల వ్యాపారం మా ఊళ్ళో వద్దండి, ఒకాయన కట్టించుకుని పారిపోయేడు" అన్నాడు. ఆయనకు కనాను దేశం దగ్గర నుంచి చెప్పుకురావలసి వచ్చింది.

అక్కడే ఒక పొరపాటు చేశాను. ఆగి ఉన్న బస్సు దగ్గర కండక్టరును "కొత్తపేట పోతుందా?" అని అడిగాను. ఆయన "ఆయ్" అన్నాడు. మా వైపు ఆయ్ అంటే గదమాయించడం. చెట్టెక్కే పిల్లల్నీ చేలో పడ్డ గేదెల్నీ అంటాం. ఎందుకు కసిరాడో తెలియక నేను రెండడుగులు వెనక్కి వేశాను. బస్సు వెళ్ళిపోయింది. టీ కొట్టాయన నవ్వుతూ, "ఆయ్ అంటే అవునండీ అని అర్థమండి బాబూ, ఎక్కరేం?" అన్నాడు. నా జన్మలో అంత మర్యాదగా ఎవరూ బస్సెక్కమనలేదు, నేను ఎక్కలేదు. ఇంకో బస్సు కోసం గంట నిలబడ్డాను.

కొత్తపేట

సుభద్ర గారిది కాలవ గట్టు మీద పెంకుటిల్లు. వెళ్ళేసరికి ఆవిడ లేరు. వాళ్ళ వదిన గారు సత్యవతమ్మ గారు ఎదురొచ్చి, "మా ఆడపడుచు అమలాపురం వెళ్ళేరండి, కాలేజీ మాస్టర్లకి పాఠం చెప్పడానికి. మీరొస్తారని చెప్పేరు. భోంచేసి వెళ్ళండి" అన్నారు. నేను ఫలానా క్రైస్తవ సంఘంవాణ్ణని ముందే చెప్పాను. ఆవిడ వెంటనే లోపలికి పిలిచి ఆకు వేశారు.

పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, ముక్కల పులుసు. పులుసులో బెల్లం పడింది. మా ఇంట్లో పులుసు తీపిగా ఉంటే వండినవాళ్ళకు ఒంట్లో బాగోలేదనుకుంటాం. కారం ఉంటే కాస్త వేయమని అడిగాను. ఆవిడ సీసా నా ముందు పెట్టి, నేను వేసుకునేది చూస్తూ, "మీ కడుపులో ఏమన్నా మిగులుతుందాండీ?" అన్నారు.

భోజనమయ్యాక సుభద్ర గారి గది చూపించారు. బీరువాలో దళసరి పుస్తకాలు. ఒకటి తెరిస్తే ఒక్క అక్షరం లేదు. అన్నీ అంకెలే, పేజీ తర్వాత పేజీ, ఐదేసి చొప్పున వరసల్లో. కంప్యూటర్లు రాకముందు సర్వేకి ఏ ఊరికి పోవాలో, ఏ ఇంటి తలుపు కొట్టాలో ఈ పుస్తకం తెరిచి తేల్చేవారట. మనిషి ఇష్టానికి వదిలేస్తే రోడ్డు పక్క ఊరు, నీడ ఉన్న ఇల్లు ఎంచుకుంటాడని. ఆ పుస్తకం అంచులు నలిగి, మూలలు మెత్తబడి ఉన్నాయి. మా ఇంట్లో అలా నలిగిన పుస్తకం ఒక్కటే ఉంది, దాన్ని రోజూ మోకాళ్ళ మీద చదువుతాం. అర్థమున్న మాట ఒక్కటీ లేని పుస్తకాన్ని ఒక మనిషి అంత శ్రద్ధగా తిరగేసిందంటే నాకు భయంలాంటి గౌరవం కలిగింది.

"ఇంటర్లో ఉండగానే పట్టుకుంది ఈ పిచ్చి" అన్నారు సత్యవతమ్మ గారు. "మా మావగారు నాలుగెకరాల కొబ్బరితోట రైతు. ఆడపిల్లని విశాఖపట్నం పంపేరు, అక్కణ్ణించి కలకత్తా పంపేరు. పెళ్ళిచూపులకొచ్చినాయన, ఏం చదివేవమ్మా అనడిగితే, వరస లేని అంకెలండి అంది. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళేరండి. ఇప్పటిదాకా కబురు లేదు."

అమలాపురం

సాయంత్రానికి అమలాపురం చేరితే ఆవిడ అప్పటికే రాజోలు వైపు చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. ఫోను కొత్తపేట ఇంట్లోనే పెట్టి తిరుగుతారట. కాలేజీలో మూర్తి గారని ఒక లెక్చరర్ కలిశారు. ఆవిడ దగ్గర చదువుకున్న మనిషి. లాడ్జిలో గది ఇప్పించి, పొద్దున్నే తనే వచ్చి టిఫినుకు తీసుకుపోయారు. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు. పొట్టిక్కలు అంటారు, ప్లేటు నలభై. ఆకు వాసన ఇడ్లీలోకి దిగుతుంది.

తింటూ మూర్తి గారు చెప్పిన సంగతి నేను ఊరికి తెచ్చుకున్నవాటన్నిటిలోకీ విలువైనది. కంప్యూటరుకు తనంతట తానుగా చీటీ తీయడం రాదట. లెక్క చేసి అంకె తెస్తుంది. లెక్క అన్నాక ఎక్కడో వరస ఉంటుంది. ఆ వరస ఎవరికీ అందకుండా లెక్క కట్టడమే విద్య. సుభద్ర గారు ముప్పై ఐదేళ్ళ వయసులో అలాంటి పద్ధతి ఒకటి కనిపెట్టారు. ఆ పేరు మీదే ఉద్యోగం పెరిగింది, పై దేశాల నుంచి పిలుపులొచ్చాయి. ఎన్నో చోట్ల దాన్ని వాడారు.

"పదకొండేళ్ళ తర్వాత అందులో తప్పు దొరికిందండి" అన్నారు మూర్తి గారు.

"ఎవరు పట్టుకున్నారు?"

"ఆవిడే. ఇంకెవరికీ తెలియదు. పైఆఫీసరు పిలిచి, కొత్త పద్ధతి తెచ్చేటప్పుడు చల్లగా మార్చేద్దాంలెండి, గొడవెందుకు అన్నారు. ఈవిడ వినలేదు. వాడేవాళ్ళందరికీ తన చేత్తో ఉత్తరాలు రాసేరు. నా పద్ధతి తప్పు, ఆపేయండి అని. పత్రికలో కూడా తనే వేయించేరు. తర్వాత ప్రమోషను రాలేదు, పిలుపులు ఆగిపోయేయి. మేం విద్యార్థులం ఏడుపొక్కటే తక్కువండి. ఆ రోజు సాయంత్రం మా అందరికీ జీళ్ళు పంచేరు."

"జీళ్ళెందుకు?"

"తప్పు దొరికిందనండి."

నేను తినడం ఆపేశాను. సంఘంలో ఎన్నో సాక్ష్యాలు విన్నాను. తాగుడు మానినవాళ్ళవి, జబ్బు నయమైనవాళ్ళవి. తన గొప్పతనం దేనిమీద నిలబడిందో దాన్నే తీసి పక్కన పెట్టిన సాక్ష్యం మాత్రం నేను వినలేదు. ఆ తర్వాత ఏడేళ్ళు కష్టపడి, కరెంటు తీగలో ఎప్పుడూ ఉండే సన్నటి గరగర చప్పుడు నుంచి అంకెలు తీసే యంత్రం చేశారట. దానికి ఆవిడ పేరు లేదు. పెట్టనివ్వలేదు.

రాజోలు దగ్గర

రాజోలు బస్టాండు నుంచి ఆటోలో కాలవ వెంట పోతే చెల్లెలి గారి ఊరు. సుభద్ర గారు అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నారు. సన్నటి మనిషి, నేత చీర, చెవికి మిషను. నేను రెండు చేతులూ జోడించాను. ఆవిడ ముందు డబ్బా వైపు చూశారు.

"ముందు తోటలోకి రండి" అన్నారు.

వెళ్ళాం. ఒకచోట నన్ను నిలబెట్టి, "ఏం కనిపిస్తోందండి?" అన్నారు. కొబ్బరిచెట్లు, ఎటు చూసినా అడ్డదిడ్డంగా మొదళ్ళు. అడవిలా ఉంది అన్నాను. "రెండడుగులు ఎడమకి జరగండి." జరిగాను. ఉన్నట్టుండి తోట అంతా తెరుచుకుంది. చెట్లన్నీ బారులు తీరి నిలబడ్డాయి, వరసకీ వరసకీ మధ్య బాట, చివర కాలవ నీళ్ళు మెరుస్తూ.

"నా అంకెలు పదకొండేళ్ళు నన్నిలాగే మోసం చేశాయండి. నేను నిలబడ్డ చోటు నుంచి అడవి. ఒకరోజు పక్కకి జరిగేను" అన్నారు. ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే, పొయ్యి మీద పాలు పొంగిన సంగతి చెబుతున్నట్టు ఉంది.

మళ్ళీ అరుగు మీదికి వచ్చాం. చెల్లెలు అన్నపూర్ణ గారి కళ్ళకు తువ్వాలు కట్టారు. "మీరు ఆ రోజు ఎలా చేసేరో అలాగే చేయండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అన్నారు సుభద్ర గారు. నేను ఆ రోజు రాసిన వరసలోనే చీట్లు డబ్బాలో వేసి, మూడుసార్లు ఊపి, ప్రార్థన చేశాను. ఆవిడ ప్రార్థన అయ్యేదాకా కదలకుండా ఉన్నారు. అన్నపూర్ణ గారు ఆరు తీశారు. సుభద్ర గారు పలక మీద రాసుకున్నారు. "మళ్ళీ." ఇలా పదిహేను సార్లు. తొమ్మిదోసారికి అన్నపూర్ణ గారు తువ్వాలు కిందనుంచి, "అక్కా, నాక్కూడా ఒక స్థలం ఇప్పిస్తారేమో అడుగు" అన్నారు.

లెక్క చూసి సుభద్ర గారు అడిగారు. "ఈ చివర రాసిన నాలుగు పేర్లు ఎవరివండి?"

"మావాళ్ళవి."

"చివర ఎందుకు రాసేరు?"

"ముందు రాస్తే స్వార్థం అనుకుంటారని. మా ఇంటివాళ్ళను అన్నిటికీ ఆఖర్న పెట్టడం నాకు అలవాటు."

ఆవిడ పలక నా వైపు తిప్పారు. ఆ నాలుగు పేర్లు కలిపి పదహారు సార్లు రావలసినవి నలభై ఒక్కసారి వచ్చాయి.

"కాగితం కలవదండి" అన్నారు నెమ్మదిగా. "గింజ కలుస్తుంది, గవ్వ కలుస్తుంది. కాగితం మడతకి మడత పట్టుకుని వేసినచోటే ఉంటుంది. డబ్బా పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. మీరు ఊపింది డబ్బాని, చీట్లని కాదు. ఆఖర్న వేసినవి పైన ఉన్నాయి. అవ్వగారి చెయ్యి పైనే ఆగింది."

బైబిల్లో ఆకాను అనేవాడు దొంగిలించి తన గుడారంలో పాతిపెట్టిన వెండి బంగారాలను చీట్లే బయటపెట్టాయని ఎన్నిసార్లు బోధించానో. నేను దాచుకున్నది నా వినయం. అదే పైకి తేలింది.

నేను అడిగాను. "అమ్మా, చీట్లలో దేవుడు మాట్లాడతాడని మేం నమ్ముతాం. మీరు నమ్ముతారా?"

"నేను రోజూ పొద్దున్నే దీపం పెట్టుకునే మనిషినండి. చీటీలో దేవుడున్నాడో లేదో నాకు తెలీదు. మడిచినవాడి చెయ్యి ఉందో లేదో చెప్పగలను. అది తీసేయడం వరకే నా పని. ఆ తర్వాత మాట్లాడేది ఎవరో మీరు తేల్చుకోండి."

నలభై ఏళ్ళు వాక్యం చదివాను. చీట్ల గురించి ఇంత భక్తిగల మాట నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. ఆవిడ భక్తిగా అన్నారని కాదు.

"కాగితం కావాలన్నారు కదా" అని కలం తీసి, రెండే ముక్కలు రాసి సంతకం చేశారు. *ఈయన మోసం చేయలేదు. ఈయన వేసిన చీట్లు చేశాయి.* "మొదటి ముక్క వరకే చదివి వినిపిస్తే మీకు సరిపోతుందండి. మడిచి చూపించుకోవచ్చు" అన్నారు. ఆవిడ కళ్ళలో ఎక్కడా వెక్కిరింత లేదు. నిజంగానే ఆ వీలు నాకు వదిలేశారు.

తర్వాత పద్ధతి చెప్పారు. ఒకే సైజు గాజు గోలీలు ఇరవై రెండు, వెడల్పు మూతి బిందె. గోలీల మీద అంకెలు ఒకరు వేయాలి, ఏ కుటుంబానికి ఏ అంకో ఇంకొకరు రాసి మూసిపెట్టాలి. మూడోవాళ్ళు కలపాలి. "మీ మీద ఎవరికి ఎక్కువ అనుమానమో వాళ్ళ చేత కలిపించండి. చెయ్యి నొప్పెట్టేదాకా." మరియమ్మ అవ్వ సంగతి గుర్తుచేశాను. ఆవిడ ఆలోచించి, "చూపు లేనివాళ్ళ వేళ్ళు చురుకండి. రంగు అంకె తడిమితే తెలిసిపోవచ్చు. గరిటెతో తీయించండి" అన్నారు.

సాగనంపుతూ అన్నపూర్ణ గారు ఒక కొబ్బరికాయల సంచి ఇచ్చారు. బరువుకి రాజోలు బస్టాండులో సంచి చిరిగింది. పది కాయలు జనం కాళ్ళ మధ్య దొర్లితే, పదీ ఏరి తెచ్చి ఇచ్చారు. మా బస్టాండులో అయితే నాలుగు వచ్చేవి.

తిరిగి వచ్చాక

రాత్రి బస్సులో ఆ కాగితాన్ని చాలాసార్లు మడిచాను, విప్పాను. మొదటి ముక్క దగ్గర మడత చక్కగా పడుతోంది.

ఇంటికి రాగానే తమ్ముడు యోహానుకు చెప్పాను. "పునాదికి రాళ్ళు దింపించానన్నా. మీ లెక్కల పంతులమ్మ వచ్చి మోసుకుపోద్దా?" అన్నాడు. మళ్ళీ వేస్తే నీకే రావచ్చు అన్నాను. "రాకపోతే?" అన్నాడు.

ఆదివారం పొద్దున ముందుగా బడి వరండాకి పోయాను. ఒక్కసారి మందిరానికి రండి, నేను సాక్ష్యం చెప్పుకోవాలి అన్నాను. వచ్చారు, చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కాగితం రెండు ముక్కలూ చదివాను. డబ్బా తెరిచి, చీట్లు వేసి, వెనక వేసినవి పైన ఎలా ఉంటాయో చూపించాను. ఆ ఆరు స్థలాలూ ఎవరివీ కావు, మళ్ళీ వేద్దాం అన్నాను. గెలిచిన ఆరుగురిలో ఐదుగురు ఒప్పుకున్నారు. యోహాను తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి మళ్ళీ వేయాల్సిందేనని పెద్దలే తేల్చారు.

ఆ తర్వాతి ఆదివారం ఎస్తేరే కలిపింది. బిందెలో చెయ్యి పెట్టి, మోచేతి దాకా, పాట రెండు చరణాలు అయ్యేదాకా కలిపింది. గోలీల చప్పుడుకి పిల్లలు నవ్వారు. మరియమ్మ అవ్వ గరిటెతో ఆరు తీసింది. మావాళ్ళలో అన్న కొడుకు అంకె ఒక్కటే వచ్చింది. యోహానుది రాలేదు. ఎస్తేరుదీ రాలేదు.

యోహాను మందిరంలోంచి లేచి వెళ్ళిపోయాడు. ఇది రాసేనాటికి నాతో ఇంకా మాట్లాడటం లేదు. రాళ్ళు మాత్రం స్థలం వచ్చినవాళ్ళకే కొన్న ధరకి ఇచ్చేశాడు.

ఎస్తేరు బిందె బోర్లించి, గోలీలు లెక్కపెట్టి సంచిలో వేసింది. ఇరవై రెండూ ఉన్నాయి. ఏమంటుందోనని నేను పక్కనే నిలబడ్డాను. చెయ్యి చీరకి తుడుచుకుంటూ, "వచ్చే ఆదివారం చాపలు మేం తెస్తాంలే, బడి దగ్గరున్నవి" అంది. రెండడుగులు వేసి ఆగింది.

"పోయినసారి నాకు స్థలం లేదన్నది నువ్వు బాబాయ్. ఈసారి దేవుడు."